సుల్తాన్ బజార్: అంగడి వీధి ఆశ్రయంలో ఎదిగిన భాషానిలయం

హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న ఆవిర్భవించింది. 2026తో దానికి నూట ఇరవై అయిదేళ్లు నిండుతాయి. గ్రంథాలయ చరిత్రలను స్థాపకుల పేర్లతోనూ వార్షికోత్సవాల వివరాలతోనూ నింపడం పరిపాటి గాని, ఈ సంస్థ విషయంలో అది పుట్టి పెరిగిన బజారును పక్కన పెడితే చరిత్ర సగమే తెలుస్తుంది. రాజభాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో, ఆ రాజధానిలోనే, ఒక తెలుగు గ్రంథాలయం గుడ్డల కొట్లకూ వడ్డీ వ్యాపారులకూ పేరుపడిన వీధిని ఎంచుకోవడానికి బలమైన కారణాలున్నాయి. ఆ కారణాలే నేటి సుల్తాన్ బజార్ స్వభావాన్ని కూడా తీర్చిదిద్దాయి.

సరిహద్దు పెంచిన బజారు

నిజాం ఆస్థానంలో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే రాజప్రతినిధిని రెసిడెంట్ అనేవారు. ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మూసీకి ఉత్తరపు ఒడ్డున కట్టించడం మొదలుపెట్టిన రెసిడెన్సీ భవనానికి మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. ఆ ప్రహరీని ఆనుకుని సిపాయిలు, గుమాస్తాలు, పల్లకీ బోయీలు, వారికి సరుకులు అమ్మేవారు స్థిరపడగా క్రమంగా రెసిడెన్సీ బజార్లు ఏర్పడ్డాయి. భౌగోళికంగా ఇవి నిజాం రాజధానిలో భాగమే అయినా, పోలీసు, న్యాయం, పారిశుధ్యం వంటి పాలనా వ్యవహారాలన్నీ రెసిడెంటు చేతిలో ఉండేవి. ఒకే నగరంలో రెండు అధికారాలు, రెండు చట్టాలు అమలులో ఉన్నందున, వాటి నడుమ గీత దాటడమే అనేకులకు జీవనాధారమయింది.

నాణేలే ఇందుకు మంచి ఉదాహరణ. నిజాం రాజ్యంలో చలామణి అయ్యే రూపాయిని హాలీ సిక్కా అనీ, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనీ వ్యవహరించేవారు. నూరు కల్దార్ రూపాయలకు అధికారిక మారకంలో నూట పదహారు హాలీ రూపాయలకు పైచిలుకు వచ్చేవి గనుక, ఒక నాణెం పుచ్చుకుని మరొకటి ఇచ్చే షరాఫులకు ఇటువంటి చోట పని తప్పేది కాదు. వారి పక్కనే హుండీలు రాసి అప్పులిచ్చే గుజరాతీ, మార్వాడీ సాహుకార్లు కోఠీలు కట్టుకున్నారు. విలియం పామర్, గుజరాతీ వర్తకుడు బంకటీదాసు తదితరుల భాగస్వామ్యంలో నడిచిన పామర్ కంపెనీ నిజాం ప్రభుత్వానికే పెద్ద ఎత్తున రుణాలిచ్చి, ఆ రుణాలు రాజకీయ వివాదంగా మారిన మీదట, 1820లలో కూలిపోయింది.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ల నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగినప్పుడు, తిరుగుబాటుదారులు పుత్లీబౌలి వైపు ప్రహరీకి ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాసు అనే ఇద్దరు సాహుకార్ల ఇళ్లలో మాటు వేసి తుపాకులు పేల్చారు. ఒక ముస్లిం పేరు, ఒక హిందూ పేరు గల ఇద్దరు ధనికుల ఇళ్లు రెసిడెన్సీ గోడకు ఎదురుగా నిలవడాన్ని బట్టి, ఆ కాలానికే ఈ బజారు జనం ఎంత కలగలుపుగా ఉండేవారో తెలుస్తుంది.

బజారులో భాషల ఉనికి

నిజాం రాజ్య ప్రజల్లో దాదాపు సగం మంది తెలుగువారు. మరాఠీ, కన్నడ, ఉర్దూ మాతృభాషలుగా గలవారు తక్కినవారిలో అధికులు. అయితే కచేరీలో, న్యాయస్థానంలో, పాఠశాలలో ఉర్దూదే పెత్తనం. సభ జరుపుకోవాలన్నా సంఘం పెట్టుకోవాలన్నా ప్రభుత్వ అనుమానాన్ని ఎదుర్కోవలసి వచ్చే ఆ రోజుల్లో, నిజాం ఉత్తర్వులు నేరుగా అమలుకాని రెసిడెన్సీ బజార్లు విద్యావంతులకు ఊపిరి పీల్చుకునే చోటుగా కనిపించాయి. 1892లో ఆర్యసమాజమూ, 1907లో కేశవరావు కొరట్కర్ ప్రభృతుల కృషితో మరాఠీవారి వివేకవర్ధినీ పాఠశాలా ఇక్కడే వెలిశాయి.

ఈ రెంటి నడుమ 1901లో, రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు స్వగృహంలో భాషానిలయం మొదలయింది. కొమర్రాజు లక్ష్మణరావు ఆలోచన, మునగాల రాజా నాయని వేంకటరంగారావు అండ దానికి తోడయ్యాయి. ఇదే బృందం 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాస్త్ర, చరిత్ర గ్రంథాలను సులభమైన తెలుగులో అందించడానికి పూనుకోగా, కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర దాని తొలి ప్రచురణగా వెలువడింది. రాయలసీమ వాసి ఒకరు అమెరికా అధ్యక్షుడి కథ రాయగా, దానిని ప్రచురించిన మండలి నిజాం రాజధానిలో ఉండటం, ఈ బజారు తెలుగు ప్రాంతాలన్నింటినీ కలిపిన తీరుకు నిదర్శనం.

ఒకేచోట మసలడంలో ఒరిపిడి కూడా ఉండేది. 1921 నవంబరులో మహర్షి కార్వే అధ్యక్షతన వివేకవర్ధినీ మందిరంలో జరిగిన నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభలో, ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాగాక, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికుల్లో కొందరు అల్లరి చేసి అడ్డుపడ్డారు. మాడపాటి హనుమంతరావు మొదలైనవారు సభను వీడి, ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని నెలకొల్పారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు దారి వేసింది ఆ సంఘమే. అంగడిలో భాషలు బేరం కోసం సులువుగా కలిసిపోతాయి. గౌరవం కోసం భాషలు పోటీపడేది సభావేదిక మీద. సుల్తాన్ బజారులో అంగడీ వేదికా పక్కపక్కనే ఉన్నందున ఈ రెండూ కనిపించాయి.

హద్దు చెరిగినా నిలిచిన వ్యాపారం

1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం పాలనలోకి వచ్చి సుల్తాన్ బజార్‌గా పేరు మారాయి. ప్రత్యేక చట్టం పోయినా ఖాతాదారులు పోలేదు. దేశ విభజన తరువాత వచ్చిన సింధీ వర్తకులు గుడ్డల వ్యాపారానికి కొత్త ఊపు తెచ్చారు. రెసిడెన్సీ భవనంలోకి 1949లో చేరిన మహిళా కళాశాల, నేటి మహిళా విశ్వవిద్యాలయం, వేలాది యువతులను నిత్యం ఈ వీధుల్లోకి తెచ్చింది. పనిని బట్టి సందులు విడివడ్డాయి: కరెంటు సామాను, పంపు బిగింపులకు ట్రూప్ బజార్, ఎలక్ట్రానిక్ వస్తువులకు గుజరాతీ గల్లీ, పాత పాఠ్యపుస్తకాలకు కోఠి కాలిబాటలు, చీరలకూ గాజులకూ సుల్తాన్ బజార్ నడివీధి.

హైదరాబాదులో మల్గీ అని పిలిచే ఒంటిగది దుకాణమే ఈ వీధికి మూలకణం. ఇద్దరు మనుషులు చేతులు చాచితే గోడలు తగిలే మ్యాచింగ్ సెంటరులో, కొనవచ్చిన ఆమె చీర కొంగు బల్ల మీద పరుస్తుంది. కొట్టులోని కుర్రాడు దొంతరలోంచి నాలుగు థానులు లాగి, వాటిని గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో రంగు సరిచూపి, కుదిరినదాన్ని గజంబద్దతో కొలిచి, కత్తెరతో చిన్న గాటు పెట్టి, మిగతాది చర్రున చింపి ఇస్తాడు. ఆమె తెలుగులో అడిగితే అతడు దక్కనీ ఉర్దూలో ధర చెప్పడం, గల్లాపెట్టె దగ్గర యజమాని మార్వాడీలో లెక్క చూసుకోవడం ఇక్కడ ఎవరూ ప్రత్యేకంగా గమనించని విషయాలు. బయట కాలిబాట మీద బుట్టలో రబ్బరు బ్యాండ్లు, పిన్నులు అమ్మే మనిషి ఆ కొట్టుకు పోటీ కాడు. ఒకరి కోసం వచ్చిన గిరాకీ ఇద్దరికీ పంచబడుతుంది.

గాయాలూ మార్పులూ

2007 ఆగస్టు 25న కోఠిలోని గోకుల్ చాట్ వద్దా లుంబినీ పార్కులోనూ జరిగిన బాంబు పేలుళ్లు నలభై మందికి పైగా ప్రాణాలు తీశాయి. దాని తరువాతి పెద్ద కుదుపు మెట్రో రైలుది. స్తంభాల కోసం కొట్లు కూల్చవలసి వస్తుందని వర్తకులు ఏళ్ల తరబడి ఆందోళన చేయగా, మార్గం మార్చే ప్రతిపాదన ముందుకు వచ్చి, చివరికి రైలు ఈ వీధి మీదుగానే వెళ్లింది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వరకు పదకొండు కిలోమీటర్ల మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమయింది. కొన్ని పాత ముఖద్వారాలు పోయాయి. దూరపు కాలనీల నుంచి కొనుగోలుదార్లు నేరుగా బజారు నడుమ దిగే వీలు కలిగింది.

మల్గీల యజమానులకు పత్రాలున్నాయి, భాషానిలయానికి సొంత భవనముంది. కాలిబాట వ్యాపారికి మాత్రం నిన్నటిదాకా అటువంటి హక్కేదీ లేదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం నలభై శాతం స్థానాలు విక్రేతలకే కేటాయించి, సర్వే పూర్తయ్యే వరకు వారిని తొలగించరాదని నిర్దేశించింది. అది నిజాయితీగా అమలయితేనే వీధిలోని అన్ని వర్గాలూ వీధిలోనే మిగులుతాయి.

సుల్తాన్ బజార్ వైవిధ్యాన్ని ఎవరూ పథకం వేసి సృష్టించలేదు. పరాయి పాలనకు చెందిన ఒక హద్దు దానికి అవకాశమిచ్చింది, అప్పు పుట్టే చోటు కావడం జనాన్ని రప్పించింది, చిన్న మల్గీలు తక్కువ పెట్టుబడి గలవారికి చోటిచ్చాయి. భాషానిలయం ఆ వీధి ఇచ్చిన రక్షణను పుస్తకాలుగా, సభలుగా, ఉద్యమంగా మార్చి తెలుగువారికి తిరిగి చెల్లించింది. ఉత్సవ సంవత్సరంలో గ్రంథాలయ భవనాన్ని కాపాడుకోవడం ఎంత అవసరమో, దానికి నీడనిచ్చిన చిన్న కొట్ల వీధిని చిన్న కొట్ల వీధిగానే నిలబెట్టుకోవడం అంతే అవసరం.