రాజుగారి మోచెయ్యి, జవుళి కొట్టు మూర

ఇంగ్లీషువాళ్లు మోచేతిని ‘ఎల్బో’ అంటారు. ఆ మాట సగం ఒంటిది, సగం బట్టల కొట్టుది. పాత ఇంగ్లీషులో దాని రూపం ‘ఎల్న్‌బోగ’. ‘బోగ’ అంటే వంపు. వాళ్లు విల్లును ‘బో’ అనడమూ అందుకే. ‘ఎల్న్’ అంటే ముంజేయి. ముంజేయి వంగేచోటు ఎల్బో. జర్మన్లకు అదే ‘ఎలెన్‌బోగెన్’. లాటిన్‌లో ఈ ముంజేయి పేరు ‘అల్నా’. మన మెడికల్ కాలేజీ పిల్లలు ఇవాళ్టికీ ముంజేతిలోని ఒక ఎముకను ఆ పేరుతోనే బట్టీపడతారు. సంస్కృతంలోని ‘అరత్ని’ కూడా ఈ కుటుంబంలోదే. దానికి మోచెయ్యి అనీ, మూర అనీ రెండర్థాలున్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అరత్ని అంటే 24 వేళ్ల వెడల్పు.

పండితుల పని ఇక్కడితో అయిపోయింది. నా ఆసక్తి మాత్రం ఆ ‘ఎల్న్’ ఒంటిని వదిలి బజారుకు వెళ్లాక ఏం చేసిందన్న దాని మీద. అది ‘ఎల్’ అనే పేరు పెట్టుకుని బట్ట కొలిచే కొలువులో చేరి, కొన్ని వందల ఏళ్లు యూరప్ అంతా ఏలింది. నేను చీరాలలో మా నాన్న జవుళి కొట్టులో పెరిగినవాణ్ణి. తాను విప్పి బట్ట కొలిచేటప్పుడు చెయ్యి ఎన్ని వేషాలు వేయగలదో చిన్నప్పుడే చూశాను. అందుకే ఈ కథ నాకు నిఘంటువులో కన్నా గల్లాపెట్టె పక్కన బాగా అర్థమవుతుంది.

మొదటి చిక్కు: ఎవరి ముంజేయి? 12వ శతాబ్దపు చరిత్రకారుడు విలియం ఆఫ్ మామ్స్‌బరీ తేలిగ్గా చెప్పేశాడు. వర్తకుల దొంగ కొలతలను సరిచేయడానికి మొదటి హెన్రీ రాజు తన చేతి పొడవునే ప్రమాణంగా పెట్టాడట. నాకు నమ్మబుద్ధి కాదు. రాజు చెయ్యి చాపి నిలబడితే కొలిచినవాడెవడు, పక్కనుండి రాసుకున్నవాడెవడు? కొలతలు బజారులో పుడతాయి, రాజు వాటి మీద ముద్ర వేస్తాడు. పోనీ రాజుగారి చెయ్యే అనుకున్నా, ఎల్ ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండేది కాదు. ఫ్లాండర్స్‌లో 27 అంగుళాలు, స్కాట్లండ్‌లో దాదాపు 37, ఇంగ్లండ్‌లో 45, ఫ్రెంచి ఎల్ అయితే 54. అంత పొడుగు ముంజేయి ఏ మనిషికీ ఉండదు.

ఈ అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు. ఇంగ్లండ్ జవుళివాళ్లు గజాన్ని నాలుగు భాగాలు చేసేవారు. ఒక్కో భాగం 9 అంగుళాలు, అంటే సరిగ్గా మన జానెడు. ఫ్లాండర్స్ ఎల్ మూడు జానలు, ఇంగ్లీషు ఎల్ ఐదు, ఫ్రెంచిది ఆరు. మన మూర రెండు జానలు. ఇలా చూస్తే లెక్క కుదురుతుంది. స్కాట్లండ్ వాళ్లదే ఒక అంగుళం మిగిలి, లెక్కకు అడ్డం తిరుగుతుంది.

చెయ్యిని నమ్మలేక ఊళ్లు కొలతను ఇనుములో పోతపోసి గోడకు బిగించుకున్నాయి. వియన్నాలో సెయింట్ స్టీఫెన్ చర్చి పెద్ద తలుపు పక్కన, గోడలో రెండు ఇనుప కడ్డీలు ఇప్పటికీ కనిపిస్తాయి. పొడుగుది నారబట్ట ఎల్, 89.6 సెంటీమీటర్లు. పొట్టిది ఉన్నిబట్ట ఎల్, 77.6 సెంటీమీటర్లు. ఒకే ఊళ్లో, ఒకే గోడ మీద, బట్టను బట్టి మోచెయ్యి మారుతుందన్నమాట! కొన్నవాడికి అనుమానం వస్తే గుడ్డను తెచ్చి ఆ కడ్డీకి ఆనించి చూసుకోవచ్చు. స్కాట్లండ్‌లోని డంకెల్డ్ ఊళ్లోనూ సంత జరిగే చోట గోడకు అలాంటి ఎల్ కడ్డీ ఉంది. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ రాణి 1588లో ఇత్తడితో గజాన్ని, ఎల్‌ను పోతపోయించి ఖజానాలో పెట్టించింది.

చట్టం సంగతి ఇంకా పాతది. రాజు అధికారానికి కళ్లెం వేసిన పత్రంగా మనం బళ్లో చదువుకున్న 1215 నాటి మాగ్నా కార్టాలో బట్ట పన్నా గురించి కూడా ఒక షరతు ఉంది: రెండంచుల మధ్య రెండు ఎల్‌లు ఉండాలని. స్వేచ్ఛ గురించి రాసిన కాగితంలో బట్ట అంచుల ప్రస్తావన ఏమిటని చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపోతారేమో గాని, మా నాన్న ఆశ్చర్యపోడు.

ఆ షరతు అమలు కోసం వచ్చిన ఉద్యోగి పేరు ‘ఆల్నేజర్’. ఫ్రెంచివాళ్ల ఎల్‌కు ‘ఓన్’ అని పేరు, ఆ మాట పాతరూపం నుంచే ఈ ఉద్యోగానికి పేరు వచ్చింది. మన లెక్కలో మూరలాయన అనుకోవచ్చు. తానును కొలిచి, పన్నా చూసి, సరిగ్గా ఉంటే అంచుకు సీసపు ముద్ర బిగించేవాడు. రెండు చిన్న సీసపు బిళ్లలు, మధ్యలో సన్నటి పట్టీ. అంచు మీదుగా మడిచి, రెండు బిళ్లలనూ కలిపి నొక్కితే ముద్ర పడేది. లండన్‌లో థేమ్స్ నది ఆటుకు తగ్గినప్పుడు బురదలో వెదికేవాళ్లకు ఆ బిళ్లలు నేటికీ దొరుకుతుంటాయి. 1353 చట్టం ప్రకారం కొలత రుసుము మామూలు తానుకు అర పెన్నీ, దాని మీద పన్ను 4 పెన్నీలు. ఇలా కొలత చూడ్డం కాస్తా పన్ను రాబట్టడంగా మారింది. పన్ను వచ్చాక దాన్ని వసూలు చేసే హక్కును గుత్తకిచ్చారు. తర్వాతి సంగతి మీరు ఊహించుకోగలరు. 15వ శతాబ్దం చివరి నాటి ఆల్నేజర్ల లెక్కలను ఎలియనోరా కారస్-విల్సన్ అనే చరిత్రకారిణి 1929లో పట్టి చూస్తే, కొన్ని కౌంటీల్లో అవే పేర్లు, అవే అంకెలు ఏడాది తర్వాత ఏడాది నకలు చేసినట్టు తేలింది. కంచే చేను మేసింది.

వర్తకుల మోసాల జాబితా నేను రాస్తే ఈ పత్రిక చాలదు. తడి ఉన్నిబట్టను చట్రం మీద కొక్కేలకు తగిలించి లాగితే పొడవు పెరుగుతుంది. ఉతికితే మళ్లీ ముడుచుకుంటుంది. మా కొట్టులో దానికి చట్రం అక్కర్లేదు, గుమాస్తా బొటనవేలు చాలు. బట్టను గజం బద్ద మీద బిగలాగి కొలిస్తే గజానికి వేలెడు మిగులుతుంది. నాన్న అది చూస్తే గుమాస్తాను అందరి ముందూ దులిపేసేవాడు. ఆయన పద్ధతి వేరు: బట్టను వదులుగా పరిచి, చివర బొటనవేలంత కొసరు వదిలి కత్తెర వేసేవాడు. ఈ కొసరు చీరాల సొత్తు అనుకునేవాణ్ణి. ఇంగ్లండ్‌లో 1439లో దాని మీద ఏకంగా చట్టమే చేశారు. లండన్ వర్తకులు గజానికి పిడికెడు కొసరు లాగుతున్నారని, ఇకపై దేశమంతా గజానికి అంగుళం మాత్రమే ఉండాలని దాని సారాంశం. అంగుళం అంటే బొటనవేలు వెడల్పే కదా.

ఈ కథ మన తీరానికీ వచ్చింది. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం చేరింది. డచ్చివాళ్లు అప్పటికే అక్కడ పాగా వేసి ఉన్నారు. గోల్కొండ ఏలుబడిలోని ఆ రేవులో మన నేతగాళ్లు మూరల్లో నేసిన బట్టను, డచ్చివాళ్లు ‘అస్త’ల్లో రాసుకున్నారు. అది మన ‘హస్త’మే. ఇంగ్లీషువాళ్లు ‘కోవిడ్’ల్లో రాసుకున్నారు. పేరు చూసి భయపడకండి. పోర్చుగీసువాళ్ల ‘కోవదు’ అనే కొలత ఇంగ్లీషువాళ్ల నోట అలా తిరిగింది. దాని మూలం లాటిన్ ‘క్యూబిటుం’, దానికీ మోచెయ్యి అనే అర్థం. మద్రాసు లెక్కలో కోవిడ్ 18 అంగుళాలు, సరిగ్గా మూర. కుంపిణీ లాంగ్‌క్లాత్ తాను పొడవు 72 కోవిడ్‌లు, అంటే 36 గజాలు. మగ్గం మీద మూర, చిట్టాలో కోవిడ్, లండన్‌లో వేలం వేసేటప్పుడు గజం. ఒకే తాను ఓడెక్కి దిగేలోపు ఇన్ని చేతులు మారింది. ప్రతి మార్పులోనూ ఎవరో ఒకరు వేలెడు మిగుల్చుకునే ఉంటారు.

ఇంగ్లండ్‌లో గజం ముందు ఎల్ నిలవలేకపోయింది. 19వ శతాబ్దం వచ్చేసరికి అది సామెతలో మాత్రమే మిగిలింది: అంగుళమిస్తే ఎల్ లాగేస్తాడని. ఎల్ అంటే ఏమిటో జనం మరిచిపోయాక ఆ సామెతలో దాని స్థానంలోకి మైలు వచ్చి కూర్చుంది. మోసం అంచనా బాగానే పెరిగింది.

డచ్చివాళ్లు ఇంకో దారి పట్టారు. 1820లో మెట్రిక్ కొలతలు అమల్లోకి తెచ్చినప్పుడు జనం బెదిరిపోకుండా పాత పేర్లే ఉంచేశారు. మీటరునే ‘ఎల్’ అన్నారు, దాదాపు 50 ఏళ్లు అలాగే నడిపారు. మన దేశంలో 1956 చట్టం తర్వాత బట్టల కొట్లలోకి మీటరు బద్ద వచ్చింది. మా కొట్టుకు వచ్చే పెద్దవాళ్లు మాత్రం చాలాకాలం గజాల్లోనే అడిగారు. ‘రెండు గజాలు చించవయ్యా’ అంటే నాన్న రెండు మీటర్లు కొలిచి ఇచ్చేవాడు. ఇంటికెళ్లి జానెడుకు కాస్త తక్కువ ఎక్కువొచ్చిందని మర్నాడు వచ్చి చెప్పిన నిజాయితీపరురాలికి, ‘కొత్త గజం కాస్త పెద్దదమ్మా’ అనేవాడు. ధర మాత్రం మీటరుకే వేసేవాడు.