చెన్నై క్లౌడ్ కంప్యూటింగ్

క్లౌడ్ కంప్యూటింగ్ అంటే, సర్వర్లు కొని ఆఫీసులో పెట్టుకోకుండా, కంప్యూటింగ్ సామర్థ్యాన్ని ఇంటర్నెట్ మీదుగా అద్దెకు తీసుకునే పద్ధతి. చెన్నైలో దీనికి పెద్ద ఉదాహరణ జోహో అనే సాఫ్ట్‌వేర్ సంస్థ. 1996లో అడ్వెంట్‌నెట్‌గా, నెట్‌వర్క్ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది. 2005లో, కస్టమర్లతో సంబంధాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్ జోహో సీఆర్‌ఎం తెచ్చింది. 2009లో సంస్థ పేరే జోహోగా మార్చుకుంది. చిత్రమేమిటంటే, ఊరందరికీ క్లౌడ్ అమ్మే ఈ సంస్థ తన సేవలను ప్రధానంగా సొంత డేటా సెంటర్ల నుంచే నడుపుతుంది. ఐటీ శాఖలకు కావలసిన సాఫ్ట్‌వేర్ దాని మేనేజ్‌ఇంజిన్ విభాగానిది. 2010లో ఇక్కడే పుట్టిన మరో క్లౌడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఫ్రెష్‌వర్క్స్ 2021లో అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీ నాస్‌డాక్‌లో నమోదైంది.

2015 డిసెంబరు వరదల్లో నగరంలో చాలా చోట్ల కరెంటు, ఫోన్లు ఆగిపోయాయి. ఒకే భవనంలో ఉన్న సర్వర్లకు అలాంటి ముప్పు ఎప్పుడూ ఉంటుంది. క్లౌడ్‌కు మారడానికి అదీ ఒక కారణం. అలా మారిన సంస్థలో ఐటీ మేనేజరుకు యంత్రాల కొనుగోలు బెడద తగ్గుతుంది గాని, నెలవారీ బిల్లు, ఉద్యోగుల అనుమతులు, డేటా ఏ దేశంలో ఉందన్న లెక్క కొత్తగా నెత్తిన పడతాయి.