రబ్బరు కప్ప, కొర్రమీను కోపం

ఫాల్గుణంలో కోరుకొండ తీర్థానికి వెళ్ళినవాళ్ళు మెట్లెక్కి నరసింహస్వామిని చూసి దిగిపోతారు. చుట్టుపక్కల చెరువు గట్ల మీద గాలం వేసుకుని కూర్చున్నవాళ్ళని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వాళ్ళ చేతిపనికీ ఒక చరిత్ర ఉంది.

పరిగెలు పట్టడానికి గాలానికి వానపాము ముక్క చాలు. కొర్రమీను కావాలంటే కప్ప కావాలి. బతికున్న చిన్న కప్ప వీపు చర్మానికి కొక్కెం గుచ్చి, తామరాకుల అంచున నీళ్ళమీద ఆడిస్తారు. కప్ప చావకూడదు, ఈదాలి. ఇప్పుడు కుర్రాళ్ళ చేతుల్లో దాని బదులు రబ్బరు కప్ప కనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తుంది. మన చెరువులో ఎప్పుడూ ఉన్న కప్పే, ప్రపంచమంతా తిరిగి బొమ్మయి వచ్చిందన్నమాట!

బొమ్మ ఎరల చరిత్రలో అందరూ చెప్పే కథ ఒకటుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన జూలియో బ్యూయెల్ పడవలో కూర్చుని తింటుండగా చెంచా జారి నీళ్ళలో పడింది. తళుక్కుమంటూ మునుగుతున్న చెంచాని ఒక చేప వచ్చి అందుకుంది. కథ నిజమో కాదో గానీ, అతను 1852లో పేటెంట్ తీసుకున్న మాట నిజం. ఇక్కడ గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరం కూడా అదే. చెంచా చేపలా ఉండదు. కానీ దెబ్బతిన్న చిన్న చేప పక్కకి ఒరిగినప్పుడు ఎలా మెరుస్తుందో అలా మెరుస్తుంది. వేటాడే చేపకి అంత చాలు.

ఆ చెంచా ఇండియాకి వచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం వేశాడు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సాల్మన్ సామాను మన మహసీర్ ముందు ఎందుకు నిలవదో అందులో వివరించాడు. మహసీర్‌కి దవడల్లో పళ్ళుండవు, పళ్ళన్నీ గొంతులో ఉంటాయి. కానీ నోటితో నొక్కిందంటే సన్న కొక్కేలు నలిగిపోతాయి. అందుకని చెంచా అదే ఉంచి, కొక్కేలూ వాటిని పట్టుకునే రింగులూ మార్చి బలమైనవి వేసుకోవాల్సి వచ్చింది. 1887లో ఆయనే చెరువుల్లో గాలపు వేట గురించి ‘టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఇంకో పుస్తకం రాశాడు.

పెద్ద చేపకి ఎర మార్చడం అంటే ఎర సైజు పెంచడమని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా కాదు. బొమ్మ చిన్న చేపలానే ఉండాలి, కొక్కెం మాత్రం పెద్ద చేప నోటికి తట్టుకోవాలి. కనబడేది ఆకలి కోసం, కనబడనిది బలం కోసం.

రబ్బరు కప్పదీ అదే దారి. అమెరికాలో బాస్ అనే చేప కోసం దీన్ని వాడారు. లోపల బోలు, వీపుకి ఆనుకుని రెండు కొక్కేలు. అందుకే నాచులోనూ గుర్రపుడెక్క మీదా చిక్కుకోకుండా జారుతుంది. చేప నొక్కినప్పుడు రబ్బరు అణిగి కొక్కేలు బయటపడతాయి. బాస్ నోరు వెడల్పు, గుటుక్కున లోపలికి లాగేసుకుంటుంది. కొర్రమీను అలా కాదు. దాని నోరు గట్టి ఎముక, పైగా వాడి పళ్ళు. ఒక్క విసురుకి రబ్బరు చిరుగుతుంది, కొక్కెం సాగుతుంది, చేప పోతుంది. థాయిలాండ్, మలేషియాల్లో దీనికి విరుగుడుగా కొక్కేన్ని వీపు మీంచి తీసి, బొమ్మ వెనక రింగుకి వేలాడదీశారు. కొందరు చిన్న రేకు కూడా తగిలించి గిరగిరా తిరిగేలా చేశారు. నైలాన్ దారం బదులు అల్లిన దారం వచ్చింది. ఇక్కడివాళ్ళూ కొన్న బొమ్మకి కొక్కెం మార్చుకునే వాడతారు.

ఇంతవరకూ ఇది తెలివితేటల కథే. దీని తర్వాత మార్చింది ఎరని కాదు, దాన్ని విసిరే చోటుని. నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

కొర్రమీను పిల్లల్ని వదిలేసి పోయే చేప కాదు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద బుడబుడలాడుతూ కదులుతుంటే, తల్లీతండ్రీ కిందే కాపలా కాస్తాయి. దగ్గరికి ఏది వచ్చినా కొడతాయి. వేటగాళ్ళకి ఈ సంగతి తెలుసు. కప్ప బొమ్మని నేరుగా ఆ గుంపు మధ్యకి విసిరితే దెబ్బ దాదాపు ఖాయం. తెలుగులో ‘ఎర’ అంటే తిండి చూపించి మోసం చెయ్యడం. ఇక్కడ తిండే లేదు. ఆ చేప ఆకలేసి రాలేదు, పిల్లల మీదకి ఎవరో వచ్చారని వచ్చింది. దాన్ని తీసేస్తే పిల్లలు మిగతా చేపల పాలు.

నదుల్లో చేపపిల్లలు నాశనమైపోతున్నాయని థామస్, ఫ్రాన్సిస్ డే లాంటివాళ్ళు 1870ల్లోనే ప్రభుత్వానికి నివేదికలిచ్చారు. 1897లో భారత మత్స్య చట్టం వచ్చింది. నీళ్ళలో మందుగుండు పేల్చడం, విషం కలపడం నేరమని చెప్పింది. ఒక గాలం, ఒక బొమ్మ కప్ప ఏ చట్టం కంటికి ఆనతాయి? అదే కొర్రమీను తెలంగాణకి రాష్ట్ర చేప కూడా. రాష్ట్ర చేప అన్నంత మాత్రాన చెరువులో దానికి ఒరిగేదేమీ లేదు.

కొక్కెం మార్చడం చేప నోటిని తెలుసుకోవడంతో మొదలైంది. నోటి గురించి అంత తెలుసుకున్నవాళ్ళకి, ఆ నోరు ఎప్పుడు ఎందుకు తెరుచుకుంటుందో కూడా తెలుసు. వానాకాలంలో నీళ్ళమీద ఎర్రటి గుంపు కనబడితే గాలం చుట్టేసి గట్టు పొడుగునా ఇంకో నాలుగడుగులు నడవొచ్చు. దానికి ఏ బొమ్మా కొనక్కర్లేదు.