అలీగఢ్ ఎవరిది?

అలీగఢ్ అంటే చాలామందికి షేర్వానీ గుర్తొస్తుంది. నాకు చందాలు గుర్తొస్తాయి. సర్ సయ్యద్ 1875లో మొదలుపెట్టిన చదువును యూనివర్సిటీ చెయ్యాలంటే 30 లక్షల మూలధనం చూపించమంది బ్రిటిష్ సర్కారు. ముస్లిములు ఊరూరా చందాలెత్తారు. 1920లో చట్టం వచ్చింది. 'కోర్టు' అనే పాలక సభలో (న్యాయస్థానం కాదు) ముస్లిములే ఉండాలని ఆ చట్టమే రాసింది. కూర్చున్నది నవాబులూ జమీందార్లే అనుకోండి, దూదేకులాయనకు అక్కడ కుర్చీ ఎవరేశారు?

1951 సవరణ ఆ షరతు తీసేసింది. 1965 సవరణ ఆ సభ అధికారాలు లాగేసి, దాన్ని సలహాలిచ్చేదిగా మిగిల్చింది. ఇదేమని అడిగితే, 1967లో అజీజ్ బాషా కేసులో సుప్రీంకోర్టు ఏమంది? దీన్ని స్థాపించింది ముస్లిములు కాదు, చట్టం అంది. స్థాపించనివాళ్లకు రాజ్యాంగం 30వ అధికరణ కింద పాలించే హక్కు లేదంది. సర్కారు గుర్తించే డిగ్రీలివ్వాలంటే ఆనాడు చట్టం తప్ప దారి లేదు. ఆ చట్టం అడగడమే మన నేరమైంది!

ఖర్చు కేంద్రానిది కదా అంటారు. కేంద్రం ఖజానాలో మన పన్ను లేదా? మైనారిటీల యాజమాన్యమన్న కారణంతో సాయంలో వివక్ష చూపకూడదని అదే 30వ అధికరణ చెబుతోంది.

1981లో పార్లమెంటు, 'భారత ముస్లిములు స్థాపించిన' యూనివర్సిటీ అని చట్టంలో చేర్చింది. 2006లో అలహాబాద్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల్లో నలుగురు బాషా తీర్పును తోసిపుచ్చారు. అలీగఢ్‌ను ఎవరు స్థాపించారో తేల్చే పని మాత్రం మరో బెంచికి వదిలారు.