ఏటి దారి మారింది.. ముంపు పటమూ మారాలి

2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడలోని సింగ్‌నగర్‌, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట తదితర కాలనీలను ముంచెత్తింది కృష్ణానది కాదు, బుడమేరు. నగరవాసులకు వరద అనగానే ప్రకాశం బ్యారేజీ వద్ద నీటిమట్టమే గుర్తుకు వస్తుంది. ఆ రోజు ముప్పు మాత్రం నగరానికి వెనుకవైపు నుంచి వచ్చింది. బుడమేరు మళ్లింపు కాలువ ఎడమగట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వేలాది కుటుంబాలు డాబాలపైకి చేరి తాగునీటికి, ఆహారానికి రోజుల తరబడి ఎదురుచూశాయి. సైన్యం సహకారంతో గండ్లను పూర్తిగా పూడ్చేసరికి సెప్టెంబరు 7వ తేదీ వచ్చింది.

ఎంత వర్షానికి ఏ వీధిలోకి నీరు చేరుతుందో, ఎంత లోతున నిలుస్తుందో ముందుగా తెలియజేసేది ముంపు ముప్పు పటం. ఒకసారి గీసి బీరువాలో భద్రపరిస్తే దాని ప్రయోజనం కొద్దికాలమే. ఏరు, గట్టు, ఊరు మారినప్పుడల్లా పటాన్నీ సవరించాలి. ఏ ఒక్క శాఖా, ఏ ఒక్క ప్రభుత్వమూ ఒంటరిగా నెరవేర్చలేని బాధ్యత ఇది.

వందేళ్ల వరద అంటే..

ముంపు పటంలో సాధారణంగా ఐదు, పది, పాతిక, యాభై, వందేళ్ల వరదల హద్దులను వేర్వేరుగా చూపుతారు. వందేళ్ల వరద అంటే వందేళ్లకు ఒక్కసారే వచ్చేదని అర్థం కాదు. ఏ సంవత్సరంలోనైనా అది వచ్చేందుకు నూటికి ఒక వంతు అవకాశం ఉంటుంది. ముప్పై ఏళ్లపాటు వాయిదాలు కట్టే గృహరుణంతో కొన్న ఇల్లు ఆ హద్దులో ఉంటే, రుణం తీరేలోగా కనీసం ఒక్కసారి వరద చూసే అవకాశం నూటికి 26 వంతులు.

ఈ లెక్కలకు గతంలో నమోదైన ప్రవాహాలే ఆధారం. ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు రెండో హెచ్చరిక జారీచేస్తారు. 2009 అక్టోబరులో అక్కడ దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2వ తేదీన 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డు చెరిగిపోయింది. పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ లెక్క మారుతుంది. 2009కి ముందు గణాంకాలతో గీసిన హద్దును నేటికీ ప్రమాణంగా తీసుకోలేము.

ఒకే రోజు రెండు వరదలు

బుడమేరు మైలవరం ప్రాంతపు కొండల నీటిని తీసుకుని వెలగలేరు రెగ్యులేటర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుపుతారు. మిగిలినది పాత బుడమేరు దారిలో విజయవాడను ఆనుకుని కొల్లేరుకు సాగుతుంది. కృష్ణానది నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు నదిలో కలవడం కష్టమవుతుంది. కాలువలో మట్టం పెరిగి గట్లపై ఒత్తిడి పడుతుంది. నదికి ఒక పటం, వాగుకు ఒక పటం విడివిడిగా తయారుచేస్తే ఈ ప్రమాదం రెండింటిలోనూ కనిపించదు. రెండు వరదలూ ఒకేసారి వస్తే ఏమవుతుందో, గట్టు తెగితే నీరు ఎటు పారుతుందో లెక్కకట్టిన పటమే సింగ్‌నగర్‌ వంటి ప్రాంతాలకు అక్కరకు వస్తుంది.

జిల్లా హద్దు.. నీటికి అడ్డుకాదు

2022లో జిల్లాల పునర్విభజనతో పూర్వపు కృష్ణా జిల్లా ఎన్టీఆర్‌, కృష్ణా జిల్లాలుగా విడిపోగా, కొల్లేరు పరిసర మండలాలు ఏలూరు జిల్లాలో చేరాయి. బుడమేరు పుట్టేది ఒక జిల్లాలో, చేరే సరస్సు మరో జిల్లాలో ఉన్నాయి. బుడమేరుతోపాటు తమ్మిలేరు వంటి ఏర్లు కొల్లేరులో కలుస్తాయి. ఆ నీరంతా సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఉప్పుటేరులో పూడిక పేరుకున్నా, ప్రవాహానికి ఆటంకం ఏర్పడినా ఎగువ గ్రామాల్లో నీరు నిలిచిపోతుంది.

మున్నేరుది రెండు రాష్ట్రాల కథ. తెలంగాణలో పుట్టి, ఖమ్మం పట్టణాన్ని తాకుతూ ఎన్టీఆర్‌ జిల్లాలోకి ప్రవేశించి కృష్ణలో కలుస్తుంది. 2023 జులైలో నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాద్‌ - విజయవాడ జాతీయ రహదారిపైకి మున్నేరు నీరు రావడంతో రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఖమ్మంలో లోతట్టు కాలనీలు మునిగాయి. ఎగువ రాష్ట్రంలో వాన ఎంత కురిసిందో, చెరువుల కట్టలు ఎలా ఉన్నాయో తెలియకుండా దిగువన పటం గీయడం కుదరదు. ఇక కృష్ణానది మొత్తం పరీవాహక ప్రాంతం సుమారు 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. అది మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో విస్తరించి ఉంది.

ఎవరి వద్ద ఏముంది?

రాజ్యాంగం ప్రకారం నీరు, డ్రైనేజీ, కరకట్టలు రాష్ట్రాల జాబితాలోనివి. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్రం పరిధిలోకి వస్తుంది. పటానికి కావలసిన సమాచారం కూడా ఇదే విధంగా పంపకమై ఉంది. నదుల నీటిమట్టాలు, ప్రవాహాల రికార్డులు కేంద్ర జలసంఘం సేకరిస్తుంది. వర్షపాతం వివరాలు భారత వాతావరణ శాఖవి. భూమి ఎత్తుపల్లాల కొలతలు 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణ సంస్థ చేపడుతుంది. హైదరాబాద్‌ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో మునిగిన ప్రాంతాలను గుర్తిస్తుంది. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన ఈఓఎస్‌-04 వంటి రాడార్‌ ఉపగ్రహాలు మబ్బు పట్టినా, రాత్రివేళైనా నేలను చూడగలవు.

కాలువల గట్లు, గేట్లు, డ్రెయిన్ల వివరాలు రాష్ట్ర జలవనరుల శాఖ వద్ద, వీధులు, కల్వర్టుల వివరాలు నగరపాలక సంస్థ వద్ద, ఇళ్లు, పొలాల నష్టం లెక్కలు రెవెన్యూ శాఖ వద్ద ఉంటాయి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ హెచ్చరికలు పంపుతుంది. వీటిలో ఏ ఒక్కటి అందకపోయినా పటంలో అంతమేర ఖాళీ మిగులుతుంది.

అడుగు ఎత్తులోనే తేడా

డెల్టా నేల దాదాపు సమతలంగా ఉంటుంది. ఇక్కడ అడుగు ఎత్తు తేడాతో ఒక వీధి మునుగుతుంది, పక్క వీధి మిగులుతుంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్‌-1 చిత్రాల ద్వారా రూపొందించిన ఎత్తుల నమూనాలో సుమారు 8 మీటర్ల వరకు తేడా ఉండవచ్చు. కొండ ప్రాంతాలకు అది ఉపకరించినా, విజయవాడలో వీధివారీ ముంపును చెప్పడానికి చాలదు. విమానం నుంచి లేజర్‌ కిరణాలతో కొలిచే లైడార్‌ సర్వే అవసరమవుతుంది. మైదాన ప్రాంతాల్లో 25 సెంటీమీటర్ల కచ్చితత్వంతో ఎత్తుల నమూనాను 2030 నాటికి సిద్ధం చేయాలని 2022 నాటి జాతీయ భూస్థానిక విధానం లక్ష్యంగా పెట్టుకుంది.

యంత్రం కొలవలేనిది స్థానికుల వద్ద లభిస్తుంది. గోడపై మిగిలిన నీటి చార, గుడి మెట్లలో ఎన్ని మునిగాయన్న జ్ఞాపకం, నీరు మొదట ఏ సందులోంచి వచ్చిందన్న సమాచారం.. పటం సరైనదో కాదో తేల్చే సాక్ష్యాలు ఇవే. మరుసటి పండుగకు వేసే సున్నంతో ఆ చార చెరిగిపోతుంది. అందుకే వరద తగ్గిన వారాల్లోనే ఈ గుర్తులను కొలిచి నమోదు చేయాలి.

గీత వెనుక చట్టం

పటం మారితే భూమి విలువ మారుతుంది. తమ స్థలం ముంపు హద్దులోకి వచ్చిందంటే యజమానులు అభ్యంతరం చెప్పడం సహజం. ఎత్తు గీత బతుకులను ఎంత ప్రభావితం చేస్తుందో కొల్లేరు వాసులకు తెలియనిది కాదు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించగా, 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను ధ్వంసం చేశారు. ముందుగా కొలిచి, అందరికీ చూపి, అభ్యంతరాలు విని ఖరారు చేసిన గీతకే జనం అంగీకారం లభిస్తుంది.

వరద మైదానాల్లో నిర్మాణాల నియంత్రణకు కేంద్రం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. మణిపూర్‌, రాజస్థాన్‌, ఉత్తరాఖండ్‌, పూర్వపు జమ్మూకశ్మీర్‌ వంటి కొద్ది రాష్ట్రాలే చట్టాలు చేశాయి. కీలక పరిశ్రమలు, విద్యుత్తు వంటి సదుపాయాలు వందేళ్ల వరద మట్టానికి పైన, ఇళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలన్నది ఈ విధానంలోని సూత్రం. తరచూ మునిగే నేలను ఉద్యానవనాలకు, ఆటస్థలాలకు వదలాలి.

కొత్త గట్టు కట్టినా, రహదారి ఎత్తు పెంచినా, వాగు వెంట కాలనీ వెలసినా పటాన్ని సవరించాలి. సవరించిన పటం జిల్లా కలెక్టరేట్‌తోపాటు ప్రతి పంచాయతీ కార్యాలయంలో, పురపాలక కార్యాలయంలో ప్రజలకు కనిపించేలా ఉండాలి. స్థలం కొనేవారు రిజిస్ట్రేషన్‌కు ముందే దానిని చూసుకోగలగాలి. అప్పుడే నీరు గడప తొక్కకముందే ఏ ఇంటివారు ఎటు కదలాలో తెలుస్తుంది.