రాల్ఫ్ బంచ్ పరిశోధనలో జాతి, శ్రమ, ఓటు

1950లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తగా రాల్ఫ్ బంచ్ లోకప్రసిద్ధుడు; అయితే అంతకు ముందు పదేళ్లకు పైగా ఆయన సాగించిన అధ్యాపకత్వం, పరిశోధన అమెరికా రాజనీతిశాస్త్ర చరిత్రలో అంతకు తీసిపోని స్థానానికి అర్హమైనవి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1928లో చేరి అక్కడ రాజనీతిశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన బంచ్, 1934లో హార్వర్డ్ నుండి డాక్టరేటు అందుకొని, ఒక అమెరికన్ విశ్వవిద్యాలయం నుండి ఈ శాస్త్రంలో ఆ పట్టం పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు.

ఆర్థిక మాంద్యం దేశాన్ని కుదిపేస్తున్న ఆ రోజుల్లో అర్థశాస్త్రవేత్త ఏబ్రమ్ హారిస్, సమాజశాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ వంటి సహచరులతో కలిసి, జాతి వివక్షకు మూలాలు మనుషుల ద్వేషంలో కన్నా కూలి, భూమి, ఉపాధుల పంపకంలోనే వెతకాలని బంచ్ వాదించాడు. 1936లో వెలువడిన 'ఎ వరల్డ్ వ్యూ ఆఫ్ రేస్' అనే చిన్న పుస్తకం ఈ వాదానికే విస్తరణ. నల్ల, తెల్ల కార్మికులు ఒకటైతే తప్ప విముక్తి లేదన్న నమ్మకంతో ఆయన ఆ ఏడే నేషనల్ నీగ్రో కాంగ్రెస్ స్థాపనలో పాలుపంచుకున్నాడు. కాని అనేక కార్మిక సంఘాలు నల్లవారికి సభ్యత్వమే నిరాకరిస్తున్న కాలమది, ఆ చిక్కుముడిని ఆయన వాదం పూర్తిగా విప్పలేకపోయింది.

స్వీడన్ పండితుడు గున్నార్ మిర్డాల్ అమెరికా నల్లవారి స్థితిగతులపై చేపట్టిన బృహత్ పరిశోధనలో భాగంగా 1939లో జరిపిన దక్షిణ రాష్ట్రాల క్షేత్రపరిశీలనలో బంచ్ ప్రతిభ పూర్తిగా వెల్లడయింది. ఓటు వేయగోరేవారు ముందుగా చెల్లించవలసిన తలపన్నును పోల్ టాక్స్ అంటారు. అలబామాలో అది ఏడాదికి ఒకటిన్నర డాలరే అయినా, కట్టని ఏళ్ల బాకీ 21వ ఏట నుండి 45వ ఏట దాకా పేరుకుపోయి 36 డాలర్లకు చేరేది. చేతిలో రొక్కం ఆడని పేద తెల్ల రైతును సైతం ఆ పన్ను ఓటుకు దూరం చేసింది. ఇంతకంటె ఆలోచింపజేసేది పత్తి సాగుపై పరిమితులకు రైతుల సమ్మతి కోరుతూ ప్రభుత్వం జరిపిన ఓటింగు. శాసనసభ ఎన్నికల్లో గడప తొక్కనివ్వని నల్ల రైతులు, పంటలో వాటాకు సేద్యం చేసే కౌలుదారులతో సహా, ఇక్కడ మాత్రం తెల్లవారితో పాటు ఓటు వేశారు. వారిని కలుపుకోనిదే పంట నియంత్రణ సాగదు. అవసరం పడిన చోట వివక్ష ఎంత సులువుగా సడలిందో బంచ్ గమనించి నమోదు చేశాడు, అది ఆయన సిద్ధాంతానికి బలమైన సాక్ష్యం కూడా.

మిర్డాల్ గ్రంథం 1944లో వెలువడినా, దానికోసం బంచ్ సిద్ధం చేసిన వేల పుటల నివేదికలు అముద్రితంగానే మిగిలాయి. రెండవ ప్రపంచయుద్ధం ఆయనను ప్రభుత్వ సేవకు, ఆపై దౌత్యరంగానికి తరలించింది. 1953లో అమెరికన్ రాజనీతిశాస్త్ర సంఘం ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. దక్షిణాది ఓటుహక్కుపై ఆయన రాసిన నివేదిక మాత్రం, ఆయన మరణించిన రెండేళ్లకు, 1973లో గాని పుస్తకరూపం దాల్చలేదు; అప్పటికే పోల్ టాక్స్‌పై వచ్చిన రాజ్యాంగ సవరణ, 1965 నాటి ఓటుహక్కుల చట్టం ఆ పాత అడ్డంకులను చాలావరకు తొలగించాయి.