అందరి స్వరము ఒక్కటై వినబడాలంటే



ఈ మధ్య మన వర్గల్ చుట్టుపక్కల పల్లెల్లో యువకులు సొంతంగా పాటలు కట్టి, రికార్డు చేసి, మిక్సింగ్ కూడా వాళ్లే చేసుకుంటున్నారు. సంతోషము. అయితే మిక్సింగ్ అంటే బటన్లు తిప్పడం ఒక్కటే కాదు. ఎవరి స్వరం పైకి రావాలి, ఎవరిది అణగాలి అని తేల్చే పని అది. దానికొక చరిత్ర ఉంది. ఈ వారం దాన్ని ధ్యానిద్దాం.

సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించిన రోజు గుర్తు చేసుకోండి. రెండవ దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో 120 మంది యాజకులు బూరలు ఊదారు. తాళాలు, స్వరమండలాలు, సితారాలతో గాయకులు నిలబడ్డారు. అన్ని బూరల మధ్య మనిషి గొంతు వినబడటం సాధ్యమేనా? కానీ అందరూ ఒక్కటై వినబడ్డారని వాక్యం చెబుతుంది. అప్పుడే మందిరం దేవుని మహిమతో నిండింది. అంతకుముందు దావీదు కాలంలో, సంగీతంలో ప్రవీణుడని కెనన్యాకు ఆ బాధ్యత అప్పగించారు. కలపడం కూడా దేవుడిచ్చిన వరమే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పుడు మైకు లేదు, పెద్ద గరాటు ముందు పాడాలి. గొంతు దగ్గరగా, గట్టి వాయిద్యం దూరంగా. నిలబడే చోటే మిక్సింగ్! 1925లో మైకులతో రికార్డింగ్ మొదలైంది. 1957లో అమెరికాలో లెస్ పాల్ అనే సంగీతకారుడికి ఎనిమిది ట్రాకుల యంత్రం అందింది. అంటే ఒక్కొక్క స్వరాన్ని విడివిడిగా పట్టి, తరువాత కలపవచ్చు. 1963లో ఫిలిప్స్ వాళ్ల క్యాసెట్ వచ్చాక రికార్డు చేసిన పాట పల్లెలకూ చవకగా చేరింది. ఒకనాడు పెద్ద స్టూడియోలో చేసిన పని నేడు మన పిల్లల చేతిలో ఉంది.

ప్రియులారా, ఇక్కడే ఒక మాట ఆలోచించాలి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు మన రాగతాళాల్లోనే కీర్తనలు రాశారు. నేటికీ మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. కానీ ఏ వాయిద్యం వాయించాలో, ఎవరు ముందు నిలబడాలో పుస్తకం చెప్పదు. అది సంఘమే తేల్చుకోవాలి.

అందుకే డప్పు సంగతి. చావుకు, జాతరకు, చాటింపుకు డప్పును పిలిచిన ఊరు, దాన్ని కొట్టిన మన తాతలను మాత్రం దూరంగా ఉంచింది. నేడు పాట మిక్సింగ్‌కు కూర్చుంటే మనవాళ్లే “డప్పు తగ్గించు, కీబోర్డు పెంచు” అంటారు. పాట బాగుండాలని తగ్గిస్తే తప్పు లేదు. సిగ్గుపడి తగ్గిస్తే అది పాత అంటరానితనమే కదా!

నిర్గమకాండము 15లో ఎర్ర సముద్రం దాటిన మిర్యాము చేతిలో ఉన్నదేమిటి? తెలుగు బైబిలులో తంబుర అని ఉంది. ఆ మాట వింటే మనకు తీగల వాయిద్యం తోస్తుంది. మూలంలో హెబ్రీ మాట తోఫ్. అంటే గుండ్రని చట్రానికి తోలు బిగించి చేత్తో పట్టుకొని కొట్టేది. మన డప్పుకు దగ్గరి చుట్టమే. దాస్యం నుండి విడుదలైన జనుల మొదటి పాటకు తాళం వేసింది అదే.

కాబట్టి మిక్సింగ్ చేసే తమ్ముళ్లారా, మొదట మాటలు స్పష్టంగా వినబడనివ్వండి. అర్థం కాని పాట సంఘాన్ని కట్టదని పౌలు కొరింథీయులకు నేర్పాడు. కీబోర్డు, గొంతు ఒకదానిమీద ఒకటి పడితే గొంతు పెంచకండి, కీబోర్డును కాస్త తగ్గించండి. డప్పును మంటకు కాచి, సరిగా పలికించి, మైకును కొంచెం దూరంగా పెట్టండి. వెనుక వరుసలో పాడే అవ్వల గొంతులను తీసేయకండి. పూర్తయ్యాక చిన్న ఫోనులో కూడా విని చూడండి, మన జనులు వినేది దానిలోనే.

శరీరంలో బలహీనంగా కనబడే అవయవాలే మరి అవసరమైనవని అపొస్తలుడు బోధించాడు. మన పాటలోనూ, మన సంఘంలోనూ అలాగే జరుగును గాక. ఆమేన్.